చెవి పక్కన నాలుగు వెంట్రుకలు

బీపీ పట్టీ విప్పిన ప్రతిసారీ అనంతరామయ్య కళ్లు మూసుకుంటున్నాడు. ఊపిరితిత్తుల ఓపీ ముందు గోడవార వేసిన ఇనప కుర్చీల్లో మూడోది ఆయనది. ఎదురుగా చిన్న బల్ల, దాని వెనక మలయాళీ నర్సు. ఒక్కొక్కరే వచ్చి చెయ్యి చాపుతున్నారు. ఆమె పట్టీ చుడుతుంది, గాలి కొడుతుంది, అంకె రాసుకుంటుంది, చివరికి అంచు పట్టుకుని లాగుతుంది. చర్రుమని విడిపోతుంది. అంతే. ఎవరూ తలెత్తి కూడా చూడని చప్పుడు. గోడ మీది బోర్డులో ఇరవై రెండు వెలుగుతోంది. ఆయన చేతిలోని చీటీ మీద నలభై ఒకటి ఉంది. ఇంకా పందొమ్మిది మంది, పందొమ్మిది చప్పుళ్లు, ఆఖరుది తన చేతి మీదే. చీటీ మీద పేరు, డెబ్బై ఒకటి అని వయసు, ఆ పక్కన ఇంగ్లీషులో దగ్గు అని. దగ్గు ఆయనకి లేదు. పొద్దున్న కౌంటరు దగ్గర అమ్మాయి "అంకుల్‌జీ, తక్లీఫ్ క్యా హై?" అనడిగితే తడుముకుని దగ్గన్నాడు. డాక్టరుని ఒక మాట అడగాలంటే ఇక్కడ చీటీ ఇవ్వరు, ఏదో ఒక బాధ, తక్లీఫ్, ఉండాలి. ఆడిన అబద్ధానికి కట్టుబడి ఉండాలి కదా అని గార్డు అటుగా వచ్చినప్పుడల్లా కాస్త దగ్గుతున్నాడు. మూడోసారి దగ్గేసరికి పక్క కుర్చీలోని ముసలామె, నజఫ్‌గఢ్ నుంచి వచ్చిందట, కొంగు ముడి విప్పి ఒక పుల్ల తీసి ఆయన చేతిలో పెట్టింది. "ములేఠీ హై భాయీసాబ్, చూస్ లో. ఆరామ్ మిలేగా." మన అతిమధురం. తన రొమ్ము ఎగిరెగిరి పడుతూ ఉంటే, తన మందు తీసి దొంగదగ్గుకి దానం చేసింది. వద్దంటే నొచ్చుకుంటుంది. ఆయన ఆ పుల్ల నోట్లో పెట్టుకున్నాడు. తియ్యగా ఉంది, సిగ్గుగా ఉంది.

ఒళ్లో గుడ్డసంచి. అందులో చిన్న రికార్డరు, రేడియోలో పనిచేసిన రోజుల నాటి హెడ్‌ఫోన్సు, భార్య లలితకుమారి ఆస్పత్రి ఫైలు. ఫైలు ఎందుకు తెచ్చాడో తెలియదు, మనిషి పోయి పద్నాలుగు నెలలైంది, అయినా ఆస్పత్రికి వస్తుంటే చెయ్యి దానంతటదే బీరువాలోకి వెళ్లింది. ఆ రికార్డరులో ఒక్కటే ఉంది, రెండేళ్ల కిందటి మార్చి పద్నాలుగున ఆమె చదివిన మొదటి పాఠం, కడగనిది, కొయ్యనిది. ఆదివారం నుంచీ దగ్గర పెట్టుకుని తిరుగుతున్నాడు, ఒక్కసారీ వినలేదు. ఇక్కడి డాక్టరు శరణ్య వినాలి. విని, అందులో ఆ చప్పుడు ఉందో లేదో చెప్పాలి. ఆ రోజు ఉంటే ఒకటి, లేకపోతే ఒకటి. లేదని చెబితే ఇంటికెళ్లి పడుకుంటాడు, చాలా కాలం తర్వాత పడుకుంటాడు. ఉందని చెబితే... చర్రు. కళ్లు మూసుకున్నాడు. ఇరవై మూడు.

ఊపిరి కొయ్యడం ఆయనకి ఇరవై ఆరేళ్ల వయసులో నేర్పారు. బీఎస్సీ ఫిజిక్సు చదివి, కాకినాడ నుంచి రైలెక్కి, ఢిల్లీలో రేడియో ఉద్యోగంలో చేరిన మొదటి చలికాలం. టేపు మీద మనిషి మాట్లాడినది ముందుకీ వెనక్కీ తిప్పి వినాలి, వాక్యానికీ వాక్యానికీ మధ్య ఆ మనిషి గాలి పీల్చిన చోట పసుపు పెన్సిలుతో గీత పెట్టాలి, బ్లేడుతో ఏటవాలుగా కొయ్యాలి, మిగిలిన రెండు కొసలూ అతికించాలి. పై ఆఫీసరు పంజాబీ ఆయన, వెనక నిలబడి నవ్వేవాడు. "అనంత్ బాబూ, సుననేవాలా ఖబర్ సుననే బైఠా హై, సాఁస్ సుననే నహీ." నిజమే మరి, ఊపిరి వినడానికి రేడియో ఎవరు పెట్టుకుంటారు. సాయంత్రానికి బల్ల కింద బుట్టనిండా వేలెడేసి టేపు ముక్కలు, మంత్రులవీ, పండితులవీ, పంటల గురించి చెప్పే రైతులవీ, అన్నీ ఊపిర్లే. ఊడ్చేవాడు వచ్చి ఎత్తుకుపోయేవాడు. ముప్పై నాలుగేళ్లు ఆ పని చేసిన మనిషికి ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే మాటలు వినబడవు, మాటల మధ్య తీసెయ్యవలసినవి వినబడతాయి. పెళ్లయిన కొత్తలో లలిత అనేది, "నేను చెప్పేది వింటున్నారా, నాలో రిపేర్లు చూస్తున్నారా?" అని. ఆయన నవ్వేవాడు. రెండూ వేరువేరని అప్పటికి ఆయనకి తోచలేదు.

పాఠాలు ఆమె ఆలోచనే. ఢిల్లీ తెలుగు బడిలో ఇరవై ఎనిమిదేళ్లు తెలుగు చెప్పి రిటైరయింది. చెప్పడం ఆగిపోతే గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు ఉండేదామెకి. మునిర్కాలో గదులు తీసుకుని సివిల్స్‌కి చదివే మన పిల్లల్లో నవదీప్ అని ఒకడు, చూపు లేదు, తెలుగు సాహిత్యం ఆప్షనల్‌గా తీసుకున్నాడు, పుస్తకాలన్నీ అచ్చులోనే ఉన్నాయి, చదివిపెట్టే దిక్కు లేదు. "నేను చదువుతాను, మీరు పట్టండి" అంది. ద్వారకలో ఫ్లాటు, పడగ్గది, బీరువా తలుపులు రెండూ బార్లా తెరిచి చీరల ఎదురుగా కుర్చీ వేశాడు, చీరలు ప్రతిధ్వనిని తాగేస్తాయి. ఫ్యాను ఆపాడు. కింద కాలనీలో కూరలవాడి కేక తప్పించుకోవచ్చు గానీ నెత్తి మీద విమానాలను ఎక్కడ తప్పించుకుంటాం, ద్వారకలో నాలుగు నిమిషాలకొకటి దిగుతుంది. అందుకని ఆయన ఒక ఉపాయం చేశాడు. చిన్న క్లిప్పు మైకుని పమిట మీద కాక పమిట లోపల, రొమ్ముకి ఆనించి, గుడ్డతో కప్పి పెట్టాడు. బయటి చప్పుడు సగానికి తగ్గింది. తన తెలివికి తనే మురిసిపోయాడు. చెవులకి హెడ్‌ఫోన్సు పెట్టుకుని, చెయ్యి ఊపి, కానీ అన్నాడు. ఆమె నిండుగా గాలి పీల్చుకుంది. ఆ పీల్చుకోవడం పూర్తవబోయే చోట, సరిగ్గా చివర్న, మాట మొదలవడానికి అరక్షణం ముందు, ఏదో సన్నగా చిటపటలాడింది. ప్రతి ఊపిరికీ అదే. పేజీ అయ్యేదాకా ఓర్చుకుని చెయ్యెత్తి ఆపేశాడు.

"కదిలావు. మైకు చీరకి రాసుకుంటోంది."

"నేను కదల్లేదండీ" అంది లలితకుమారి.

ఆ మాట ఆ రోజే అందా, మర్నాడా, ఎన్నోసారి? ఆయనకి ఇప్పుడు తేదీలు కలిసిపోతున్నాయి, ఒకటి మాత్రం కలవదు, ఆ రోజు ఆయన నమ్మలేదు. పట్టుచీర అయి ఉంటుందన్నాడు, ఆమె లేచి నూలుచీర కట్టుకొచ్చింది. మంగళసూత్రాలు తగులుతున్నాయేమో అన్నాడు, ఆమె వాటిని తీసి వీపు వైపుకి వేసుకుంది. వైరు మార్చాడు, మైకు మార్చాడు, కరోల్‌బాగ్ వెళ్లి కొత్తది తెచ్చాడు. జూన్ నెలలో ఫ్యాను లేకుండా, చేతులు కుర్చీ చేతుల మీద గట్టిగా బిగించి, మెడ కూడా తిప్పకుండా, చెమట కంట్లోకి కారుతున్నా తుడుచుకోకుండా కూచునేది. ఇన్‌స్పెక్షన్ రోజున బడిలో పిల్లలు కూచున్నట్టు. అయినా చప్పుడు వస్తూనే ఉంది. "కదలకు లలితా, ఎన్నిసార్లు చెప్పాలి" అన్నాడు ఒకసారి, విసుగ్గా, రేడియోలో ఏ కొత్త మనిషితోనూ మాట్లాడని గొంతుతో. ఆమె కొంచెంసేపు అసలు ఊపిరే తీసుకోలేదు.

ఇరవై తొమ్మిది. చర్రు.

తర్వాత కంప్యూటరులో ఉపాయం దొరికింది. బ్లేడూ పెన్సిలూ అక్కర్లేదు. ఇదిగో ఇదీ చెత్త అని ఒక్క సెకను ముక్క చూపిస్తే చాలు, పాఠమంతా గాలించి అలాంటిది ఎక్కడున్నా తీసేస్తుంది. ఆయన ఒక పాఠంలోంచి ఆమె గాలి పీల్చిన ఒక చోటు ఎంచి, కత్తిరించి, దాచుకున్నాడు. ప్రతి పాఠానికీ దాన్నే వాడాలి కదా, పేరు పెట్టాలి. చెత్త ఒకటి అని పెట్టాడు. ఎనిమిది నెలలు, నూట తొంభై పాఠాలు, ప్రతి సాయంత్రం దాన్ని తెరిచి, ఇది తీసెయ్యి అని చెప్పి, టీ తాగడానికి వెళ్లేవాడు. తిరిగొచ్చేసరికి పాఠం అద్దంలా ఉండేది. నవదీప్ ఫోను చేసి వేళాకోళమాడేవాడు. "సార్, మేడం ఎక్కడా ఆగరేంటి సార్? టైపు చేసుకోడానికి గ్యాప్ ఇవ్వమనండి, నా వేళ్లు పోతున్నాయి." లలిత పక్కనుంచి అందుకునేది, "ఆగుతున్నాను నాయనా, మీ సారు ఆగనివ్వడం లేదు." ముగ్గురూ నవ్వుకున్నారు. అప్పటికే ఆమె మెట్రో మెట్ల దగ్గర చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగి నిలబడేది. చెప్పు బాగానే ఉండేది. పాఠం నాలుగు పేజీల నుంచి రెండు పేజీలకి తగ్గింది. వయసు, అనుకున్నారు. ఢిల్లీ గాలి, అనుకున్నారు. చెవే బతుకుతెరువైన మనిషి, రోజూ గంటసేపు ఆమె రొమ్ముకి చెవి ఆనించి కూచున్న మనిషి, మెట్ల దగ్గర చెప్పుకేసి చూశాడు.

ఫిబ్రవరిలో ఈ ఆస్పత్రికే తీసుకొచ్చాడు. శరణ్య అప్పటికి జూనియర్ డాక్టరు, వరంగల్ పిల్ల. తెలుగు విని లలిత మొహం విప్పారింది. శరణ్య వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విని, వెనక నిలబడ్డ పెద్ద డాక్టరుకి ఇంగ్లీషులో ఒక మాట చెప్పింది, లలితతో మాత్రం "కొంచెం చప్పుడుందమ్మా, అంతే" అంది. కాగితం మీద చూస్తే క్రెపిటేషన్స్ అని ఉంది. అంటే ఏంటమ్మా అని ఆయనే అడిగాడు. అడక్కుండా ఉండలేడు, చప్పుడు కదా, చప్పుడంటే తన శాఖ. "ఈజీ అంకుల్. చెవి పక్కన నాలుగు వెంట్రుకలు పట్టుకొని వేళ్ల మధ్య నలపండి. గట్లనే ఉంటది. మాకు కాలేజీల గట్లనే చెప్పిన్రు." లలిత నవ్వింది. "ఆయనకి చెవి పక్కన ఎక్కడున్నాయమ్మా, బట్టతలాయె. ఇదిగో, నావి పట్టుకోండి." అని తల ఆయన చెవి దగ్గరికి వంచింది. కొబ్బరినూనె వాసన, మెత్తగా, నెరిసిన నాలుగు వెంట్రుకలు. ఆయన చెవి దగ్గర వేళ్ల మధ్య వాటిని నలిపాడు.

అది చెత్త ఒకటి.

అప్పుడే చెప్పి ఉండవలసింది. ఆ గదిలోనే, ఆ క్షణాన, లలితా, ఇది నేను ఏడాదిగా వింటున్నాను, నువ్వు కదల్లేదు, అని. వెంట్రుకలు వదిలేసి, "ఆఁ, వినబడింది" అన్నాడు. అంతే అన్నాడు. ఆ తర్వాత ఆమె ఉన్నది ఏడు నెలలు. పందిరిమంచం కర్ర తెగనరికి ఆయనే బల్ల చేశాడు ఆమె కూచుని దాని మీదికి వాలి నిద్రపోవడానికి, ఆక్సిజన్ మిషను నీళ్లు ఆయనే మార్చాడు, జావ ఆయనే కాచాడు, తల దువ్వాడు, అన్నీ చేశాడు, ఆ ఒక్క మాట చెప్పలేదు. చెబితే తనని క్షమిస్తుందని తెలుసు, ఆ క్షమించడమే భరించలేననుకున్నాడు. ఆ రోజుల్లోనే నిఘంటువులో ఆ చప్పుడుకి పాత పేరు వెతికాడు. రాల్స్ అని ఉంది. స్టెతస్కోపు కనిపెట్టిన ఫ్రెంచి డాక్టరు పెట్టిన పేరట. అయితే వాళ్ల భాషలో మామూలు జనానికి ఆ మాటంటే ప్రాణం పోయేముందు గొంతులో వచ్చే గురకేనట, అందుకని ఆ డాక్టరు రోగి మంచం పక్కన ఆ మాట అనకుండా, వాళ్లకి తెలియని లాటిన్ మాటొకటి వాడేవాడట. రెండు వందల ఏళ్ల కిందట, ఎక్కడో, ఒక డాక్టరు రోగి బెదిరిపోతాడని ఒక మాట మింగాడు. ఆయన మింగింది రోగి కోసం. తను మింగింది? ఆ పేజీ మూసేశాడు. అవతలి గదిలోంచి లలిత పిలిచింది. "ఏవండీ, పాఠాలు ఇంకెన్ని మిగిలాయి?" నాలుగన్నాడు. ముక్కుకి గొట్టం, మాటకీ మాటకీ మధ్య ఇంతింత ఎడం. "అవీ చదివేస్తాను. ఈసారి అస్సలు కదలనుగా."

ముప్పై ఆరు. పక్కన ముసలామె వంతు వచ్చింది. లేవబోతూ ఆయన భుజం ఆసరా పట్టుకుంది, "ఖాఁసీ రుకీ న? దేఖా!" అంది గెలిచినట్టు. నిజంగానే ఆయన దగ్గడం మానేశాడు. ఎప్పుడు మానాడో గుర్తు లేదు. "రుకీ, అమ్మాజీ" అన్నాడు. ఆమె చేతికి పట్టీ చుట్టారు, విప్పారు.

ఆదివారం వీణ ఫోను చేసింది. గురుగ్రామ్‌లో ఉంటుంది కూతురు, అమ్మ గొంతు ఫోనులో పెట్టుకుంటాను పంపించు పప్పా అంటే తను చేసిన వాటిలో అన్నిటికన్నా శుభ్రమైన పాఠం ఎంచి పంపాడు. గంట తర్వాత ఫోను. తెలుగు అర్థమవుతుంది గానీ నోటికి రాదు దానికి. "పప్పా, ఏక్ బాత్ బోలూఁ? బురా మత్ మాన్‌నా. ఇస్‌మే మమ్మీ సాఁస్ హీ నహీ లే రహీ. మెట్రో అనౌన్స్‌మెంట్ జైసా లగ్తా హై." అమ్మ ఇందులో ఊపిరే తీసుకోవడం లేదట. తర్వాత అడిగింది, "యూ మస్ట్ హేవ్ ది ఒరిజినల్, న? అసలుది?" ఉంది. అసలు టేపు చెరపకూడదన్నది రేడియోలో మొదటి పాఠం, ఊపిరి కొయ్యడం రెండోది. అదొక్కటే మేలు. డిస్కు తీశాడు, మొదటి పాఠం రికార్డరులోకి ఎక్కించాడు, వినడానికి బొటనవేలు మీట మీద పెట్టి, తీసేసి, సంచిలో వేసుకున్నాడు. తనొక్కడే వింటే తన చెవిని తను నమ్మలేడు. అది తీసెయ్యడానికి అలవాటు పడిన చెవి.

నలభై ఒకటి. నర్సు పట్టీ చుట్టింది, గాలి కొట్టింది, "రిలాక్స్ అంకుల్, హాథ్ ఢీలా ఛోడియే" అంది, విప్పింది. మోచేతి లోపల, చర్మం మీద, అదే చప్పుడు, చెత్త ఒకటి.

గదిలో శరణ్య ఒక్కతే ఉంది. ఇప్పుడు జూనియర్ కాదు, తలుపు మీద పేరుంది. చీటీ చూసి, మొహం చూసి, లేచి నిలబడింది. "అయ్యో, అంకుల్ మీరా? ఎట్లున్నరు? మీకేమైంది, దగ్గెప్పటి సంది?" ఆయన జవాబు చెప్పేలోగానే స్టూలు తిప్పి, చొక్కా పైకెత్తమంది. పద్ధతి పద్ధతే. వీపు మీద చల్లటి బిళ్ల. గట్టిగా పీల్చమంది, వదలమంది. ఒక్కో చోటా ఆగి, ఓపిగ్గా, ఎనిమిది చోట్ల వింది. ఒకరి ఊపిరిని అంత శ్రద్ధగా వినవచ్చన్నమాట. "క్లీన్‌గున్నది అంకుల్. ఏం చప్పుడు లేదు." ఆయన చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. క్లీన్. నూట తొంభై సాయంత్రాలు ఆ మాట తనూ అన్నాడు.

"దగ్గు లేదమ్మా" అన్నాడు. "అబద్ధం చెప్పాను. నీచేత ఒకటి వినిపించాలి." చెప్పాడు. మైకు, పమిట, చీరలు, చెత్త ఒకటి, అన్నీ చెప్పాడు, బడిపిల్లవాడు తప్పు ఒప్పుకున్నట్టు, ఎక్కడా ఆగకుండా. ఆమె బయట గార్డుని పిలిచి "దో మినట్ కిసీకో మత్ భేజ్‌నా" అని, హెడ్‌ఫోన్సు తీసుకుని చెవులకి పెట్టుకుంది. ఆయన మీట నొక్కాడు. ఆయనకేమీ వినబడదు, ఆమె మొహం కనబడుతుంది, అంకెలు తిరగడం కనబడుతుంది. పది సెకన్లు. ఇరవై. ఆమె కళ్లు మూసుకుంది. వేలితో బల్ల మీద చిన్నగా తట్టింది, ఆగింది, మళ్లీ తట్టింది. ఆయనకి తెలిసిపోయింది. గాలి పీల్చడం పూర్తయ్యే చోట తడుతోంది.

"ఉన్నది అంకుల్."

"మొదటి రోజునే?"

"మొదటి ఊపిరి సందే ఉన్నది."

కిటికీ బయట విమానం వెళుతోంది, చక్రాలు దించుకుని. అది వెళ్లేదాకా ఆగాడు, అలవాటు. "అప్పుడే తీసుకొచ్చి ఉంటే?"

ఆమె హెడ్‌ఫోన్సు ఒక చెవి మీంచి పక్కకి జరిపింది. "అప్పుడొచ్చినా లాభం లేకుండె అని చెప్తే మీకు నిద్ర పడ్తది, నాకెరుకే. కానీ అది నాకు తెల్వది అంకుల్. గోలీలు ఏడాది ముందు మొదలుపెడితే ఇంకొన్ని దినాలు నడిచేదేమో. రోగమైతే వాపస్ పోయేది కాదు. గంతే చెప్పగలను." ఆయన తలూపాడు. మెత్తటి అబద్ధం ఒకటి చెప్పి పంపేస్తుందేమోనని భయపడ్డాడు, చెప్పనందుకు చేతులు జోడించాలనిపించింది. "ఇది మా పీజీ పిల్లలకు వినిపిస్త. ఇంత సాఫ్‌గ ఎన్నడు వినలే. వాళ్లింక ఎక్కడ విన్నా మర్చిపోరు. మీరు మాత్రం దీన్ని ఏం చెయ్యకుండ్రి, గిట్లనే ఇయ్యండి" అని, ఏదో వినబడి ఆగింది. మళ్లీ చెవికి నొక్కుకుంది. "అంకుల్, ఆంటీ చదువుడు ఆపి మీతోటి ఏదో మాట్లాడుతున్నరు."

హెడ్‌ఫోన్సు ఒక వైపు డిప్ప తిప్పి ఆయన చెవికి ఆనించింది. ఇద్దరి తలలూ దగ్గరికొచ్చాయి. మొదట తన గొంతే. ఇంత కటువుగా ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు. కదిలావు. మైకు చీరకి రాసుకుంటోంది. తర్వాత చిన్న ఖాళీ. ఆ ఖాళీలో బీరువా, చీరలు, ఆగిన ఫ్యాను, మార్చి నెల ఎండ. తర్వాత ఆమె.

నేను కదల్లేదండీ.

ఆమె మళ్లీ గాలి పీల్చుకుంది, నిండుగా. ఆ చివర్న నాలుగు వెంట్రుకలు నలిగాయి. ఆయన బొటనవేలు దానంతటదే మీట మీదికి వెళ్లింది, నలభై ఐదేళ్ల వేలు, సరిగ్గా కొయ్యవలసిన చోట. అక్కడే ఆగింది, నొక్కలేదు. తలుపవతల నర్సు ఎవరిదో పట్టీ విప్పింది. ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి.

"అవును" అన్నాడు అనంతరామయ్య, పైకే. "నువ్వు కదల్లేదు లలితా."

ఆమె పాఠం మొదలుపెట్టింది.